"సేవ్ అయింది" అంటుంది, టేబుల్‌లో ఉండదు: మాయమయ్యే రికార్డుల కథ

ఈ రోజు మనం మాట్లాడుకునేది వెబ్ అప్లికేషన్లు రాసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే సమస్య. యూజర్ ఫారం నింపుతాడు, సేవ్ నొక్కుతాడు, స్క్రీన్ మీద పచ్చ రంగులో "సేవ్ అయింది" అని వస్తుంది. రెండు రోజుల తర్వాత వెతికితే ఆ రికార్డు ఉండదు. ఎర్రర్ రాలేదు, లాగ్‌లో ఒక్క లైను కూడా పడలేదు. మరి ఎక్కడికి పోయింది?

ఎర్రర్ వచ్చే ప్రోగ్రాంతో నాకు భయం లేదండీ. ఎర్రుగా ఏదో ఒకటి చూపిస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మనం వెళ్లి చూస్తాం. నోరు మూసుకుని తప్పు చేసే ప్రోగ్రాంతోనే భయం. ఎందుకంటే ఆ తప్పు బయటపడే సరికి దాని ఖరీదు ఇంకెవరో కట్టేసి ఉంటారు. నా విషయంలో ఆ ఇంకెవరో ఒక లారీ డ్రైవర్. తప్పు చేసింది నేనే. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత ఇలాంటివి ఎలా వెతకాలో ఒక్కొక్క మెట్టూ చూద్దాం.

మాది విశాఖపట్నం, గాజువాక వైపు. ఇక్కడ ఎటు చూసినా లారీలే కదా. ఒక పక్క పోర్టు, ఒక పక్క స్టీల్ ప్లాంటు, మధ్యలో ఆటోనగర్. వీటి చుట్టూ చిన్న చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు ఉంటాయి. అలాంటి ఒక ఆఫీసుకి నేను ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాసిచ్చాను. పేరు వద్దులెండి. పని చాలా సింపుల్. పోర్టు నుంచి బొగ్గు, ఎరువులు ఎత్తుకుని లారీలు బయట యార్డులకి తోలతాయి. యార్డు దగ్గర కాటా మీద తూకం వేస్తారు. కాటా చీటీ రెండు కాపీలు వస్తుంది. ఒకటి డ్రైవర్‌కి ఇస్తారు, రెండోది చూసి అక్కడి కుర్రాడు మన అప్లికేషన్‌లో లారీ నంబరు, చీటీ నంబరు, బరువు ఎక్కిస్తాడు. నెలాఖరున ఆ ట్రిప్పులు లెక్క వేసి డ్రైవర్లకి బత్తా ఇస్తారు.

మొదట్లో ఒక ఇబ్బంది వచ్చింది. యార్డులో నెట్ సరిగా ఉండదు. కుర్రాడు సేవ్ నొక్కుతాడు, స్క్రీన్ కదలదు, మళ్లీ నొక్కుతాడు. ఒకే ట్రిప్పు రెండుసార్లు పడేది. ఓనర్ గారు ఫోన్ చేసి "బాబూ, డబుల్ పడుతున్నాయి, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. నేను ఆ రాత్రే చేసేశాను. టేబుల్ మీద లారీ నంబరు, తేదీ కలిపి యూనిక్ కీ పెట్టాను. ఇన్సర్ట్ అని ఉన్న చోట ఇన్సర్ట్ ఇగ్నోర్ అని మార్చాను. డబుల్ ఎంట్రీలు ఆగిపోయాయి. ఓనర్ గారు సంతోషం, నేనూ సంతోషం.

అప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. ఒక లారీ ఒక రోజు ఒకే ట్రిప్పు వేస్తుందని ఎవరు చెప్పారు? మామూలు రోజుల్లో ఒకటే. కానీ ఓడ వచ్చి బెర్తు మీద సరుకు దించుతున్నప్పుడు పగలూ రాత్రీ లారీలు తిరుగుతాయి. రెండు, మూడు ట్రిప్పులు కూడా వేస్తారు. నా యూనిక్ కీ రెండో ట్రిప్పుని డూప్లికేట్ అనుకుంది. ఇన్సర్ట్ ఇగ్నోర్ దాన్ని చప్పుడు లేకుండా పక్కన పడేసింది. నా కోడ్ మాత్రం కింద లైనులో "సేవ్ అయింది" అని చూపించేసింది.

మూడు నెలలు ఎవరికీ తెలియలేదు. ఒక రోజు ఆఫీసుకి వెళ్తే గుమ్మం దగ్గర పెద్ద గొడవ. యాభై దాటిన డ్రైవర్ ఒకాయన, బత్తా తక్కువ వచ్చిందని అడుగుతున్నాడు. క్లర్కు కంప్యూటర్ తిప్పి చూపించి "ఇక్కడ లేదు కదా, లేని ట్రిప్పుకి డబ్బులెలా ఇస్తాం" అంటున్నాడు. ఆయన నన్ను చూసి అన్నాడు, "నాను ఆ పొద్దు రెండేసినాను బాబూ. పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి. కంప్యూటర్‌లో నేదంటే నానేటి సేసేది? నా కాడ సీటీలున్నాయి." చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. కాటా చీటీలన్నీ తేదీల వారీగా దారంతో కట్టి ఉన్నాయి.

నిజం చెప్తాను, ఆ క్షణంలో నాకు నా ప్రోగ్రాం మీద అనుమానం రాలేదు. చీటీలు ఎక్కించడం కుర్రాడు మర్చిపోయి ఉంటాడు అనుకున్నాను. "బాబాయ్, నేను చూస్తాను, కంగారు పడకండి" అని చెప్పి ఆ చీటీలు ఫోటో తీసుకుని ఇంటికి వచ్చాను.

ఇక్కడి నుంచి అసలు పాఠం మొదలవుతుందండీ. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు కోడ్ తెరవకండి. ముందు ఒక ప్రశ్న వేసుకోండి. రికార్డు సేవ్ కాలేదా, లేక సేవ్ అయింది కానీ కనిపించడం లేదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు, మందులు కూడా వేరు. చాలామంది దీన్ని తేల్చకుండా గంటల తరబడి కోడ్‌లో వెతుకుతారు.

ఉందా లేదా అన్నది అప్లికేషన్ స్క్రీన్ మీద తేల్చకూడదు. డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి, తేదీ ఫిల్టర్ లేకుండా, చీటీ నంబరుతో వెతకండి. తేదీ ఫిల్టర్ ఎందుకు వద్దంటున్నానంటే, మన దేశంలో అందరినీ ఒకసారైనా ఏడిపించే తప్పు ఒకటుంది. సర్వర్ టైము యూటీసీలో ఉంటుంది. మన టైము దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే రాత్రి 12 నుంచి తెల్లవారి 5:30 లోపల ఎక్కించిన రికార్డు, యూటీసీ ప్రకారం ముందు రోజు తేదీలో పడుతుంది. నైట్ షిఫ్టులు నడిచే మన ఊరిలాంటి చోట ఇది రోజూ జరుగుతుంది. రాత్రి 2 గంటల ట్రిప్పు ఈ రోజు రిపోర్టులో కనపడదు, నిన్నటి దాంట్లో ఉంటుంది.

ఇంకా కొన్ని ఉన్నాయి. అప్లికేషన్ ఒక డేటాబేస్‌కి కలిసి ఉంటుంది, మీరు చూసేది ఇంకోటి కావచ్చు, టెస్ట్‌దో పాత సర్వర్‌దో. కాన్ఫిగరేషన్ ఫైలులో పేరు చూసుకోండి. రాసేది ప్రైమరీలో, చదివేది రెప్లికాలో అయితే రెప్లికా వెనకబడి ఉండొచ్చు. సాఫ్ట్ డిలీట్ ఉంటే రికార్డు ఉంటుంది కానీ ఫ్రేమ్‌వర్క్ దాచేస్తుంది. ఇవన్నీ "కనిపించడం లేదు" అనే జబ్బులు. నేను ఇవన్నీ చూశాను. నా కేసులో రికార్డు నిజంగానే లేదు.

సరే, లేదని తేలింది. ఇప్పుడు ఎక్కడ ఆగిందో చూడాలి. నేను దీన్ని పోర్టు నుంచి బయలుదేరిన లారీలాగా ఊహించుకుంటాను. లోపల లోడ్ అయింది, గేటు దాటింది, రోడ్డెక్కింది, కాటా ఎక్కింది, యార్డులో దించింది. యార్డుకి రాలేదంటే ఏ గేటు వరకు వచ్చిందో కనుక్కుంటూ పోతాం కదా. అలాగే బటన్, బ్రౌజర్, సర్వర్, మన కోడ్, డేటాబేస్, డిస్కు. ప్రతి గేటు దగ్గరా "ఇక్కడి దాకా వచ్చిందా?" అని అడగాలి. ఏ గేటునీ ఊహతో దాటకూడదు.

మొదటి గేటు బ్రౌజర్. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి సేవ్ నొక్కండి. రిక్వెస్ట్ వెళ్లిందా? వెళ్తే అందులో అన్ని ఫీల్డులూ ఉన్నాయా? ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఫారంలో ఒక బాక్సుని యూజర్ మార్చకూడదని డిసేబుల్డ్ అని పెడతాం. డిసేబుల్డ్ ఫీల్డు విలువ సర్వర్‌కి అసలు వెళ్లదు. వెళ్లాలంటే రీడ్‌ఓన్లీ అని పెట్టాలి. నేమ్ అనే యాట్రిబ్యూట్ లేని ఫీల్డు కూడా వెళ్లదు. ఇంకోటి, "సేవ్ అయింది" అన్న మెసేజ్‌ని జావాస్క్రిప్ట్‌లో సర్వర్ జవాబు రాకముందే చూపించేవాళ్లు ఉన్నారు. జవాబు వచ్చాక, అది చదివాక మాత్రమే చూపించాలి.

రెండో గేటు సర్వర్ ముందు భాగం. పీహెచ్‌పీ వాడేవాళ్లు రెండు సెట్టింగులు గుర్తుపెట్టుకోండి. ఒకటి మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్. దీని డిఫాల్ట్ 1000. ఒకే పేజీలో 200 వరసలు, వరసకి 6 బాక్సులు పెట్టారనుకోండి, 1200 అవుతాయి. పై 1000 మాత్రమే మీ కోడ్‌కి అందుతాయి, మిగతావి తీసేస్తుంది. సర్వర్ లాగ్‌లో వార్నింగ్ పడుతుంది కానీ యూజర్‌కి ఏమీ తెలియదు. "పై వరసలు సేవ్ అవుతున్నాయి, కింద వరసలు కావడం లేదు" అని ఎవరైనా అంటే ముందు ఇదే చూడండి. రెండోది పోస్ట్ మ్యాక్స్ సైజ్, డిఫాల్ట్ 8 ఎంబీ. పెద్ద ఫోటో జత చేసి ఆ హద్దు దాటితే ఫైలే కాదు, ఫారం మొత్తం ఖాళీగా వస్తుంది.

మూడో గేటు మన కోడ్. ఇక్కడే ఎక్కువ రికార్డులు పోతాయి. మొదటి దొంగ ఖాళీ క్యాచ్ బ్లాక్. ట్రై అని రాసి, క్యాచ్‌లో ఏమీ రాయకుండా వదిలేస్తాం. ఎర్రర్ వచ్చింది, మనమే దాని నోరు నొక్కేశాం. కోడ్ మొత్తంలో క్యాచ్, ఎక్సెప్ట్ అనే మాటలు వెతికి, ఏవి ఖాళీగా ఉన్నాయో చూడండి. పది నిమిషాల పని, సగం కేసులు అక్కడే తేలిపోతాయి అని నా అనుభవం.

రెండో దొంగ ఫ్రేమ్‌వర్క్ మర్యాద. లారవెల్‌లో ఫిల్లబుల్ జాబితాలో లేని ఫీల్డుని క్రియేట్ అనే ఫంక్షన్ మామూలుగా అడగకుండా వదిలేస్తుంది. రికార్డు పడుతుంది, ఆ ఒక్క ఫీల్డు ఖాళీగా ఉంటుంది. కొత్త కాలమ్ చేర్చినప్పుడల్లా దీని దగ్గర దెబ్బ తింటాం. రైల్స్‌లో సేవ్ అని పిలిస్తే, వ్యాలిడేషన్ ఫెయిలైనప్పుడు ఫాల్స్ అని తిరిగి ఇస్తుంది అంతే. ఆశ్చర్యార్థకం ఉన్న సేవ్ పిలిస్తేనే ఎక్సెప్షన్ ఇస్తుంది. జాంగోలో ఫారం చెల్లకపోతే చాలామంది ఎల్స్ భాగం రాయరు, పేజీ మళ్లీ అలాగే తెరుచుకుంటుంది, యూజర్ సేవ్ అయిందనుకుంటాడు. వీటిల్లో ఏదీ ఫ్రేమ్‌వర్క్ తప్పు కాదు. జవాబు ఇస్తోంది, మనం వినడం లేదు.

మూడో దొంగ కమిట్. పైథాన్‌లో సైకోపీజీ2 లాంటి డ్రైవర్లతో ఇన్సర్ట్ నడిపి, కమిట్ పిలవకుండా కనెక్షన్ మూసేస్తే అంతా వెనక్కి పోతుంది. అదే కనెక్షన్‌లో సెలెక్ట్ చేస్తే రికార్డు కనిపిస్తుంది కూడా! అందుకే టెస్ట్ చేసినప్పుడు బాగుందనిపిస్తుంది. బయట నుంచి వేరే కనెక్షన్‌తో చూడాలి. ఇంకొంచెం పెద్ద ప్రాజెక్టుల్లో ఒక ట్రాన్సాక్షన్ లోపల ఇంకొన్ని పనులు ఉంటాయి. రికార్డు రాశాం, తర్వాత ఎస్ఎంఎస్ పంపడంలో ఎర్రర్ వచ్చింది, ట్రాన్సాక్షన్ మొత్తం రోల్‌బ్యాక్ అయింది. సేవ్ అయిందన్న మెసేజ్ మాత్రం ముందే తయారైపోయింది.

నాలుగో గేటు డేటాబేస్. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ అని ఉంటుంది. 5.7 వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంది. అంతకు ముందు, లేదా ఎవరైనా ఆపేస్తే, కాలమ్‌లో పట్టని దాన్ని కత్తిరించి సేవ్ చేసేస్తుంది. కంటైనర్ నంబరు తెలుసు కదా, 4 అక్షరాలు, 7 అంకెలు, మొత్తం 11. చివరి అంకె తప్పు పట్టుకోవడానికి పెట్టిన చెక్ డిజిట్. కాలమ్ 10 అని పెట్టారనుకోండి, స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే సరిగ్గా ఆ చెక్ డిజిట్టే ఎగిరిపోతుంది. తర్వాత పూర్తి నంబరుతో వెతికితే దొరకదు. రికార్డు లేదంటారు.

తెలుగు ఎక్కించేవాళ్లకి ఇందులో ఇంకో మెలిక ఉంది. "విశాఖపట్నం" అన్న మాట చూడండి. కంటికి వి, శా, ఖ, ప, ట్నం, మొత్తం 5. కానీ యూనికోడ్‌లో గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్క. మొత్తం 10 అవుతుంది. యూటీఎఫ్8లో ఒక్కొక్కటి 3 బైట్లు, అంటే 30 బైట్లు. కాలమ్ సైజుని అక్షరాల్లో లెక్కపెట్టే డేటాబేస్ 10 అంటుంది, బైట్లలో లెక్కపెట్టేది 30 అంటుంది, మనం 5 అనుకుంటాం. ఊరి పేరుకి 20 బైట్లు చాలులే అని పెట్టి, తెలుగులో "శ్రీకాకుళం జిల్లా" అని ఎక్కించబోయి దెబ్బతిన్నవాళ్లు ఎంతమందో. కాలమ్ లాటిన్‌1లో ఉంటే ఇంకా ఘోరం, స్ట్రిక్ట్ మోడ్ లేనప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది.

ఇక ఇన్సర్ట్ ఇగ్నోర్, నా పాపం. చాలామంది ఇది డూప్లికేట్లని మాత్రమే వదిలేస్తుంది అనుకుంటారు. కాదండీ. ఎర్రర్ కావాల్సిన చాలా వాటిని వార్నింగ్‌గా మార్చేస్తుంది. స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉన్నా సరే, ఎక్కువైన అక్షరాలు కత్తిరిస్తుంది. ఫారిన్ కీ కుదరని వరసని వదిలేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ అని ఉంటుంది, అది కాస్త నయం, డూప్లికేట్ల వరకే. అయినా రెండింటిలోనూ "ఎన్ని వరసలు పడ్డాయి" అన్న సంఖ్య తిరిగి వస్తుంది. సున్నా వస్తే ఏమీ పడలేదని అర్థం. ఆ సంఖ్య చూడకుండా ఈ రెండూ వాడకండి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే వెంటనే, అదే కనెక్షన్‌లో షో వార్నింగ్స్ అని అడిగితే కారణం కూడా చెప్తుంది. అప్‌డేట్ విషయంలో ఒక జాగ్రత్త, మైఎస్‌క్యూఎల్‌లో పాత విలువే మళ్లీ రాసినా సున్నా వస్తుంది. అక్కడ సున్నా అంటే తప్పు జరిగిందని కాకపోవచ్చు.

మళ్లీ నా కథకి వద్దాం. ఇదంతా నాకు ఆ రాత్రి వరుసగా తట్టిందనుకోకండి. నేను పట్టుకున్నది వేరే ఆధారం వల్ల. టేబుల్‌లో ఐడీ కాలమ్ ఉంటుంది కదా, ఆటో ఇంక్రిమెంట్. ఆ రోజు వరసలు చూస్తుంటే 4511, 4512, తర్వాత 4514. 4513 లేదు. మనం డిలీట్ బటనే ఇవ్వలేదు, మరి ఎలా పోయింది? ఇన్నోడీబీలో ఇన్సర్ట్ ఇగ్నోర్ ఒక వరసని వదిలేసినా, దానికోసం తీసుకున్న నంబరు మాత్రం మామూలుగా ఖర్చయిపోతుంది. రోల్‌బ్యాక్ అయినా అంతే. అంటే ఆ ఖాళీ ఒక అడుగుజాడ. ఎవరో తలుపు దాకా వచ్చారు, లోపలికి రాలేదు. ఖాళీ ఉంటే తప్పకుండా రికార్డు పోయినట్టే అని కాదు, అది అనుమానం మాత్రమే. రుజువు వేరే కావాలి.

4512 ఎక్కిన టైము రాత్రి 9:40. 4514 ఎక్కింది 9:52. డ్రైవర్ బాబాయ్ చీటీ తీసి చూశాను. కాటా టైము 9:44. చెయ్యి చల్లబడిపోయిందండీ. రెండో చీటీ చూశాను, మూడోది చూశాను. ఆయన చూపించిన ప్రతి చీటీకీ నా టేబుల్‌లో ఒక ఖాళీ ఉంది. సరిగ్గా ఆ టైములోనే. కుర్రాడు ఎక్కించాడు. ఆయన ట్రిప్పు వేశాడు. అబద్ధం చెప్పింది నా పచ్చ మెసేజ్.

మర్నాడు ఓనర్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. చెప్పకుండా సర్దేయొచ్చు, ఆ ఆలోచన రాలేదని చెప్పను. కానీ ఆయన ఒక్కడి ట్రిప్పులే కాదు కదా పోయింది. మిగతా డ్రైవర్లు చీటీలు దాచుకోలేదు. కాటా కంప్యూటర్‌లో దాని సొంత రికార్డు ఉంటుంది, మన అప్లికేషన్‌తో దానికి సంబంధం లేదు. మూడు నెలల కాటా లిస్టు తెచ్చి మన టేబుల్‌తో పోల్చాం. 38 ట్రిప్పులు తేలాయి, 14 లారీలవి. పార్టీకి వెళ్లే బిల్లులు పార్టీ ఇచ్చే లెక్క ప్రకారం వేస్తారు కాబట్టి ఆఫీసుకి నష్టం రాలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నష్టపోయింది డ్రైవర్లే. అందరికీ డబ్బులు ఇచ్చారు. క్లర్కు ఆ బాబాయ్‌కి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. నేనూ చెప్పాను. ఆయన నవ్వి, "సీటీ పారీకూడదని మా నాయిన సెప్పేవోడు బాబూ" అన్నాడు. అంతే.

ఇది చిన్న ఆఫీసు కాబట్టి అక్కడితో ఆగింది. బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాని లెక్కల్లో తేడా వస్తే, చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపే వాళ్లే డబ్బు తీశారని కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. వాళ్లలో మన దేశ మూలాలున్న కుటుంబాల వాళ్లు కూడా ఉన్నారు. జైలుకి వెళ్లారు, ఇళ్లు పోయాయి. 2019 డిసెంబర్‌లో అక్కడి హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తీర్పు చెప్పింది. 2024లో చట్టం చేసి శిక్షలు రద్దు చేశారు. అక్కడి లోపాలు ఇన్సర్ట్ ఇగ్నోర్ లాంటివేనని నేను అనడం లేదు. "కంప్యూటర్‌లో ఇలా ఉంది, నువ్వు చెప్పేది అబద్ధం" అన్న ఆ మాట మాత్రం అదే మాట. మా ఆఫీసు గుమ్మంలో కూడా అదే విన్నాను.

ఇంకో గేటు మిగిలింది, డిస్కు. కమిట్ అయిందని డేటాబేస్ చెప్పింది, కరెంటు పోయింది. రికార్డు ఉంటుందా? మన ఊరి వాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్నోడీబీలో ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్ అనే సెట్టింగు డిఫాల్ట్‌గా 1 ఉంటుంది, అంటే ప్రతి కమిట్‌కీ డిస్కు మీదకి పంపుతుంది. స్పీడ్ కోసం దాన్ని 2 చేస్తారు. అప్పుడు కరెంటు పోతే చివరి ఒక సెకను పాటు జరిగిన కమిట్‌లు పోవచ్చు. డబ్బు లెక్కలున్న చోట దాన్ని ముట్టుకోకండి.

ఇక్కడ పెద్దవాళ్లు కూడా పడ్డారండీ. 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్లకి ఒక సంగతి తెలిసింది. డిస్కు మీద రాయమని లైనక్స్‌కి చెప్పడానికి ఎఫ్‌సింక్ అని పిలుస్తారు. అది ఒకసారి ఫెయిలైతే మళ్లీ పిలిస్తే సరిపోతుందిలే అనుకున్నారు. కానీ రెండోసారి పిలిస్తే, ఆ డేటా డిస్కు మీద లేకపోయినా, "అయింది" అని జవాబు రావచ్చు. ఎన్నో ఏళ్లుగా ఉన్న నమ్మకం అది. 2019 ఫిబ్రవరి విడుదలల్లో మార్చారు. ఇప్పుడు ఎఫ్‌సింక్ ఫెయిలైతే పోస్ట్‌గ్రెస్ మళ్లీ ప్రయత్నించదు, తనంతట తాను ఆగిపోయి, లాగ్ నుంచి కోలుకుని లేస్తుంది. అబద్ధం చెప్పడం కంటే ఆగిపోవడం మేలు అని నిర్ణయించుకున్నారన్నమాట.

సరే, నేను ఏం మార్చానో చెప్పి ముగిస్తాను. ఒకటి, యూనిక్ కీ. లారీ నంబరు, తేదీ తీసేసి కాటా, ఆర్థిక సంవత్సరం, చీటీ నంబరు మీద పెట్టాను. అక్కడ చీటీ నంబర్లు ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి, అందుకే సంవత్సరం కావాలి. యూనిక్ కీ పెట్టే ముందు ఆ పని చేసేవాళ్లని "ఇది ఒక రోజులో రెండుసార్లు జరగొచ్చా?" అని అడగండి. నేను ఓనర్ గారిని కాదు, ఆ కుర్రాడిని అడిగి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేవాడు.

రెండు, ఇన్సర్ట్ ఇగ్నోర్ తీసేసి మామూలు ఇన్సర్ట్ పెట్టాను. డూప్లికేట్ అయితే మైఎస్‌క్యూఎల్ 1062 అనే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఒక్క నంబరుని మాత్రమే పట్టుకుని, "ఈ చీటీ ఇప్పటికే ఎక్కింది" అని ఎర్రగా చూపిస్తాను. వేరే ఏ ఎర్రర్ వచ్చినా లాగ్‌లో రాసి, సేవ్ కాలేదని స్పష్టంగా చెప్తాను. డబుల్ క్లిక్ కోసం సేవ్ నొక్కగానే బటన్ ఆపేస్తాను, ప్రతి ఫారంకీ ఒక టోకెన్ ఇస్తాను. అదే టోకెన్ రెండోసారి వస్తే మొదటి రికార్డు నంబరే తిరిగి చూపిస్తుంది.

మూడు, "సేవ్ అయింది" అన్న ఉత్త మాట తీసేశాను. కమిట్ అయ్యాక డేటాబేస్ నుంచి మళ్లీ చదివి, "ట్రిప్పు నంబరు ఇంత, లారీ ఇది, బరువు ఇంత" అని చూపిస్తాను. ఆ నంబరుని కుర్రాడు డ్రైవర్ చీటీ మీద పెన్నుతో రాస్తాడు. డ్రైవర్ దగ్గర రుజువు ఉంటుంది.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది, రోజూ రాత్రి కాటా లిస్టుకీ మన టేబుల్‌కీ పోలిక. పోర్టులో ట్యాలీ క్లర్కులని చూశారా? ఓడ తరఫున ఒకరు, ఒడ్డు తరఫున ఒకరు, ఎవరి లెక్క వాళ్లు రాసుకుంటారు. చివర్లో రెండూ కలవాలి. కలవకపోతే అక్కడే తేల్చుకుంటారు. కంప్యూటర్ రాకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఒకే లెక్కలో తప్పుంటే ఆ లెక్కకే తెలియదు, రెండో లెక్క కావాలి. పదిహేను లైన్ల స్క్రిప్టు. అది మొదటి రోజే రాసి ఉంటే ఆ తప్పు మొదటి ఓడకే బయటపడేది.

కాబట్టి, ఈ వీడియో అయ్యాక ఒక పని చేయండి. మీ ప్రాజెక్టులో ఇన్సర్ట్ ఇగ్నోర్ అని, ఖాళీ క్యాచ్ అని వెతకండి. దొరికితే సిగ్గుపడకండి, నాకూ దొరికింది. కానీ అలా వదిలేయకండి. ఇంకో మాట, ఎవరైనా వచ్చి "నేను ఎక్కించాను, లేదంటున్నారు" అంటే, ముందు మీ ప్రోగ్రాంని అనుమానించండి, మనిషిని తర్వాత.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో డబుల్ క్లిక్ టోకెన్ కోడ్ రాసి చూపిస్తాను. నమస్కారం.